హనుమంతుని పూర్వకథ: తుంగభద్ర తీరాన పొసగని పాఠాలు

ఆదోనికి వాయవ్యంగా, తుంగభద్రకు దక్షిణపు గట్టున ఉన్న కౌతాళం ప్రాంతం రెండు భాషలకూ, ఒకే కథకు చెందిన పలు పాఠాలకూ చాలాకాలంగా అలవాటుపడిన నేల. నదికి ఎగువన హంపీ, ఆనెగొంది ఉన్నాయి. రామాయణంలోని కిష్కింధ ఆ రాళ్ళగుట్టల నడుమే ఉండేదని అక్కడివారు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. దిగువన మంత్రాలయం, ఆవలి గట్టున రాయచూరు జిల్లాలోని పంచముఖి ఉన్నాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో కలిసేదాకా అది బళ్ళారి జిల్లాలో భాగం కనుక, కౌతాళమూ హంపీ అంతవరకూ ఒకే కలెక్టరు పాలనలో ఉండేవి. హంపీకి ఎదురుగట్టునున్న ఆనెగొంది మాత్రం నిజాం రాజ్యంలో ఉండేది. కౌతాళంలోని ఖాదర్‌లింగ స్వామి దర్గా పేరులోనే రెండు మతాల పిలుపులు కలిసి ఉన్నాయి. ఇదే మండలంలోని ఉరుకుందలో వెలసిన ఈరన్న స్వామిని, శైవ వాసన గల ఆ పేరుతోనే, నరసింహుడిగా కొలుస్తారు. శ్రావణమాసపు జాతరకు ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల నుంచి జనం వస్తారు. ఇటువంటి నేలకు రెండు కథలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం కొత్త సంగతి కాదు. అయితే పొసగని కథలను ఏం చేయాలన్న ప్రశ్నకు ఇక్కడ వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు వచ్చాయి. ఆ సమాధానాల చరిత్ర అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది హనుమంతుని పుట్టుక కథలో.

ముందుగా జనాదరణ పొందిన కథ ఒకటి ఉండి, ఆ కథకంటే పూర్వం జరిగిన సంగతులను చెప్పడానికి తరువాతి కాలంలో కూర్చిన కథను పూర్వకథ అనవచ్చు. జరిగిన క్రమంలో అది ముందుది, పుట్టిన క్రమంలో తరువాతిది; చిక్కంతా ఈ తలకిందులలోనే ఉంది. నేటి సినిమాలకూ, వీడియో గేములకూ ఈ చిక్కు సుపరిచితమే. 2001లో వచ్చిన హేలో గేముకు పూర్వకథగా 2010లో హేలో రీచ్ వెలువడినప్పుడు, రీచ్ అనే గ్రహం ఎన్నాళ్ళలో కూలింది, అక్కడినుంచి తప్పించుకున్న ఓడ చివరి గడియల్లో అంతరిక్షంలో ఉందా నేలమీద ఉందా అన్న విషయాల్లో ఆ గేము అంతకుముందే అచ్చయిన నవలతో పొసగలేదని అభిమానులు ఏళ్ళతరబడి వాదించుకున్నారు. అదే పని భారతదేశంలో వ్యాఖ్యాతలు, పౌరాణికులు, మఠాధిపతులు, తోలుబొమ్మలవారు శతాబ్దాలుగా చేస్తూ వచ్చారు; వారి చేతిలో ఉన్నది రామాయణం, దాని పూర్వకథ ఉత్తరకాండ.

పేరును బట్టి ఉత్తరకాండ పట్టాభిషేకం తరువాతి కథ అనిపించినా, దాక్షిణాత్య పాఠంలోని 111 సర్గలలో దాదాపు మూడోవంతు వెనకటి కథే. పట్టాభిషిక్తుడైన రాముణ్ణి చూడవచ్చిన అగస్త్యుడు 34వ సర్గ దాకా రాక్షసవంశ చరిత్రనూ, రావణుని వరాలనూ శాపాలనూ చెప్పి, 35, 36 సర్గలలో హనుమంతుని బాల్యాన్ని చెబుతాడు. ఈ కాండ తరువాత చేరిందని అనుమానించడానికి గ్రంథంలోనే గుర్తులున్నాయి. యుద్ధకాండ చివర ఫలశ్రుతి, అంటే చదివినవారికి కలిగే ఫలాన్ని చెప్పే ముగింపు భాగం ఉంది. అలాంటిది సాధారణంగా గ్రంథం పూర్తయిన చోటనే వస్తుంది. బాలకాండ మొదటి సర్గలో నారదుడు చెప్పిన సంగ్రహకథలో సీతా పరిత్యాగం లేదు. మూడో సర్గలోని విషయసూచికలో ఉంది. నాలుగో సర్గ ఆరు కాండలని చెప్పి, ఉత్తరాన్ని వేరుగా కలిపి చెబుతుంది. జర్మన్ పండితుడు హెర్మన్ యాకోబీ 1893లో ప్రచురించిన రామాయణ గ్రంథంలో బాలకాండలో అధికభాగమూ ఉత్తరకాండ మొత్తమూ తరువాతి చేర్పులని వాదించాడు. ఆ వాదాన్ని అంగీకరించినా అంగీకరించకపోయినా, ఉత్తరకాండను కూర్చినవారికి తమ ముందున్న కథలోని ఖాళీలు బాగా తెలుసునని మాత్రం ఒప్పుకోవలసి ఉంటుంది.

అందుకు 35వ సర్గ ఆరంభమే సాక్ష్యం. అక్కడ రాముడు అగస్త్యుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు: సముద్రాన్ని దాటి లంకను కాల్చిన హనుమంతుని బలానికి వాలి బలమూ రావణుని బలమూ సాటిరావు కదా, మరి వాలి సుగ్రీవుణ్ణి తరిమికొట్టినప్పుడు స్నేహితుని పక్కనే ఉన్న హనుమంతుడు వాలిని ఎందుకు చంపలేదు? కిష్కింధాకాండ చదివిన ఏ పాఠకునికైనా తోచవలసిన ప్రశ్న ఇది. ఆ ప్రశ్నను కథానాయకుని నోటనే అడిగించి, తన బలం తనకు తెలియలేదేమో అన్న ఊహనూ ఆయన చేతనే చెప్పించి, ఆ ఊహ నిజమేనని అగస్త్యుని చేత నిర్ధారింపజేయడం మామూలు నేర్పు కాదు. బాలహనుమంతుడు ఋష్యాశ్రమాలలో చేసిన అల్లరికి విసిగి భృగు, అంగిరస వంశాల మునులు శపించారనీ, ఎవరైనా గుర్తుచేసేదాకా తన బలం తనకు తెలియకుండా పోయిందనీ జవాబు వస్తుంది. దానితో రెండు ముడులు ఒకేసారి వీడతాయి: వాలి ముందు మౌనమూ అర్థమవుతుంది, సముద్రతీరాన జాంబవంతుడు పొగిడిన తరువాతే హనుమంతుడు పెరగడమూ అర్థమవుతుంది.

అయితే ఈ జవాబు కొత్త ముడులను వేసింది. కిష్కింధాకాండ 66వ సర్గలో జాంబవంతుడు హనుమంతునికి అతని పుట్టుకనూ, సూర్యుని పైకి ఎగిరిన సంగతినీ, ఇంద్రుని వజ్రం దెబ్బకు ఎడమ దవడ విరగడాన్నీ, బ్రహ్మేంద్రుల వరాలనూ చెబుతాడు గాని శాపం మాట ఎత్తడు. అంతకుముందు 44వ సర్గలో సుగ్రీవుడు హనుమంతుని వేగాన్నీ పరాక్రమాన్నీ ఎదుటనే పొగిడి, సీత జాడ తీసే బరువును అతనిపైనే పెడతాడు; గుర్తుచేస్తే బలం తెలిసివస్తుందన్నది శాపంలోని షరతు అయితే, ఆ పొగడ్తతోనే తెలిసిరావాలి. పైగా సుగ్రీవునికి మిత్రుని బలం తెలిసే ఉంటే, వాలికి జడిసి తిరిగిన రోజుల్లోనే గుర్తుచేయకపోవడానికి కారణం కనిపించదు. చిన్నవివరాలూ కలవవు. జాంబవంతుని కథలో బాలుడు ఎగిరినది 300 యోజనాలు, అగస్త్యుని కథలో అనేక వేల యోజనాలు. మొదటిదానిలో వరాలిచ్చినవారు బ్రహ్మ, ఇంద్రుడు. రెండోదానిలో సూర్యుడు, వరుణుడు, యముడు, కుబేరుడు, శివుడు, విశ్వకర్మ కూడా చేరతారు. పూర్వకథలు చెప్పేవారి చేతిలో సంఖ్యలు పెరగడం సహజమే గనుక దీన్ని తప్పు అనడం కంటే అభిరుచి అనడమే న్యాయం.

కొండల విషయం అంత తేలికైనది కాదు. తరువాతి వివాదమంతా దానిమీదనే నడిచింది. కిష్కింధాకాండలో అంజన ఒక పర్వతశిఖరాన విహరిస్తుండగా వాయువు ఆమెను కలిశాడనీ, ఆమె గుహలో ప్రసవించిందనీ ఉంది గాని ఆ కొండకు పేరు లేదు. సుందరకాండ 35వ సర్గలో హనుమంతుడే సీతకు తన పుట్టుక చెబుతూ, మాల్యవంతమనే కొండనుంచి తన తండ్రి కేసరి గోకర్ణానికి వెళ్ళి, ఋషుల ఆనతిపై శంబసాదనుడనే రాక్షసుణ్ణి చంపాడనీ, ఆ కేసరి భార్యకు వాయువు వలన తాను పుట్టాననీ అంటాడు. ఉత్తరకాండలో కేసరి రాజ్యం చేసే కొండ సుమేరువు. అంటే ఒకే కావ్యంలో ఒక పేరులేని కొండ, ఒక మాల్యవంతం, ఒక సుమేరువు ఉన్నాయి. బరోడాలోని ప్రాచ్య విద్యాసంస్థ 1960 నుంచి 1975 వరకు ప్రచురించిన పరిష్కృత ప్రతిలో, అంటే అనేక వ్రాతప్రతులను పోల్చి ప్రక్షిప్తాలుగా తోచినవాటిని తొలగించి స్థిరపరచిన పాఠంలో, ఈ భేదాలు మాయం కాలేదు.

హనుమంతుని తల్లి కథ ఇంకొక చిక్కును తెస్తుంది. శాపం వలన వానరకాంతగా పుట్టిన అంజన పూర్వం పుంజికస్థల అనే అప్సరస అని జాంబవంతుడు చెబుతాడు. దాక్షిణాత్య పాఠంలోని యుద్ధకాండ 13వ సర్గలో రావణుడు, సీతను బలవంతం చేయకపోవడానికి కారణం చెబుతూ, ఎప్పుడో బ్రహ్మలోకానికి వెళుతున్న పుంజికస్థలను తాను చెరచినందున బ్రహ్మ శపించాడని ఒప్పుకుంటాడు. మళ్ళీ ఏ స్త్రీనైనా బలవంతపెడితే తల నూరు చెక్కలవుతుందన్నది ఆ శాపం. ఉత్తరకాండ 26వ సర్గలో అదే సంగతికి వేరే కారణం ఉంది: రావణుడు రంభను చెరచగా నలకూబరుడు శపించాడు, అక్కడ తల ఏడు చెక్కలవుతుంది. రెండు శాపాలూ ఉండకూడదనేమీ లేదు. కానీ బ్రహ్మ శాపం ముందే ఉంటే రంభ సంగతి జరగగానే రావణుని తల పగలాలి. నలకూబరుని శాపమే ముందుదైతే పుంజికస్థల దగ్గర పగలాలి. రామకథను చెప్పే పౌరాణికుడు ఎవరైనా ఈ రెండు సర్గలనూ ఒకే వారంలో చెప్పవలసి వస్తే సభలోని ముసలివారు ఊరుకోరు. పుంజికస్థల పేరు రెండు చోట్లా వచ్చినా, తల్లికి జరిగిన ఆ అవమానానికీ కొడుకు లంకాదహనానికీ వాల్మీకంలో ఎక్కడా ముడిపెట్టలేదు. కూర్పరులు చూడకుండా వదిలిన దారాలలో ఇది బహుశా అన్నిటికంటే బలమైనది.

తెలుగు కవులలో చాలామంది ఈ చిక్కుల జోలికి పోకుండా ఆరు కాండలతోనే ఆపారు. భాస్కర రామాయణం, మొల్ల రామాయణం యుద్ధకాండతో ముగుస్తాయి. 20వ శతాబ్దిలో విశ్వనాథ సత్యనారాయణ రామాయణ కల్పవృక్షమూ అంతే. తిక్కన అందుకు విరుద్ధంగా ఉత్తరకాండనే తీసుకుని, వచనం లేకుండా పద్యాలతోనే నడిచే నిర్వచనోత్తర రామాయణాన్ని నెల్లూరు పాలకుడు మనుమసిద్ధికి అంకితంగా 10 ఆశ్వాసాలలో వ్రాసి, రామనిర్యాణాన్ని మాత్రం విడిచిపెట్టాడు. ఆ లోటును తరువాత జయంతి రామభట్టు పూరించాడు. 18వ శతాబ్దిలో కంకంటి పాపరాజు ఉత్తరరామాయణం విస్తృతంగా చెప్పాడు. వీటన్నిటికంటే విశేషమైనది రంగనాథ రామాయణం. గోన బుద్ధారెడ్డి ద్విపదలో, అంటే పాటగా పాడుకోవడానికి వీలైన రెండేసి పాదాల ఛందస్సులో ఆరు కాండలూ చెప్పగా, ఉత్తరకాండను అతని కొడుకులు కాచవిభుడు, విఠలరాజు పూర్తిచేశారు. తండ్రి కథకు కొడుకులు పూర్వోత్తరాలు కూర్చిన ఆ గోన వంశానికి ఈ నేల పరాయిది కాదు: గోన గన్నారెడ్డిగా చరిత్రకారులు గుర్తించిన నాయకుని అధికారి విఠలనాథుడు ఆదవాని, తుంబళం మొదలైన కోటలను గెలిచి, 1294లో రాయచూరు కోటను కట్టించినట్టు రాయచూరు శాసనం చెబుతుంది. ఆదవాని అంటే ఆదోని, తుంబళం అంటే దాని పక్కనున్న పెద్దతుంబళం.

కవులు తప్పుకోగలిగినా వ్యాఖ్యాతలు తప్పుకోలేరు, ఎందుకంటే శ్లోకాన్ని దాటవేసే స్వేచ్ఛ వారికి లేదు. వారు వాడిన పనిముట్లలో అతి ముఖ్యమైనది కల్పభేదం. బ్రహ్మకు ఒక పగలుగా లెక్కించే కాలం కల్పం; ప్రతి కల్పంలోనూ అవతారాలు తిరిగి జరుగుతాయి కనుక, ఒక పురాణం చెప్పే కథ ఒక కల్పానిదీ మరొకటి చెప్పేది వేరొక కల్పానిదీ అయితే రెండూ నిజమే కాగలవు. ఈనాటి కథనరంగంలో సమాంతర లోకాల ఊహతో సాధించే పనిని ఇది ఎంతో ముందే సాధించింది. అయితే ఈ పనిముట్టును ప్రతిచోటా వాడితే చర్చకు అర్థమే ఉండదని మంచి వ్యాఖ్యాతలకు తెలుసు. అందుకే దాన్ని పురాణాలకూ ఇతిహాసానికీ మధ్య వాడినంతగా ఒకే కావ్యంలోని రెండు సర్గల మధ్య వాడలేదు.

ఈ విషయంలో తుంగభద్ర తీరానికి అన్నిటికంటే దగ్గరి గ్రంథం 13వ శతాబ్దిలో ఉడుపికి చెందిన మధ్వాచార్యులు రచించిన మహాభారత తాత్పర్య నిర్ణయం. 32 అధ్యాయాల ఈ గ్రంథంలో రామకథ, భారతకథ రెండూ ఉన్నాయి. వాటిలోని వైరుధ్యాలను తీర్చడమే దాని పని. మూలగ్రంథాలలో కొందరు కొన్ని శ్లోకాలు చొప్పించారనీ, కొన్నిటిని తొలగించారనీ, కొన్నిటిని స్థానం మార్చారనీ, పొరపాటున కూడా తేడాలు వచ్చాయనీ ఆ గ్రంథం రెండో అధ్యాయంలోనే నిర్మొహమాటంగా చెబుతుంది. అంటే బరోడా పండితుల కంటే 7 శతాబ్దాల ముందే పాఠభ్రష్టత అన్న భావన ఒక మతాచార్యుని చేతిలో పనిముట్టుగా ఉంది. తేడా ఏమిటంటే, బరోడావారు ప్రతులను లెక్కించి తేల్చుకోగా, మధ్వాచార్యులు సిద్ధాంతంతో తూచి తేల్చారు. వాయుదేవుడే హనుమంతుడుగా, భీముడుగా, మధ్వుడుగా అవతరించాడన్న సంప్రదాయంలో హనుమంతుని కథను చెప్పడమంటే గురువు పూర్వకథను చెప్పడమే కనుక, ఆ మతంలో ఈ ప్రశ్నలకు అంత బరువు ఉండేది.

మంత్రాలయం నిలిచింది కూడా ఒక పూర్వకథ మీదనే. 1671లో రాఘవేంద్రస్వామి అక్కడ బృందావన ప్రవేశం చేశారు. బృందావనమంటే మధ్వ యతి సమాధిపై నిలిపే రాతికట్టడం. ఆనాడు బిజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్ది మసూద్ ఖాన్ నుంచి మంచాల గ్రామాన్ని స్వామి కోరి తీసుకున్నారనీ, పూర్వం ప్రహ్లాదుడు యాగం చేసిన చోటు అదే కావడం అందుకు కారణమనీ మఠ సంప్రదాయం చెబుతుంది. ప్రహ్లాదుడే భారతకాలంలో బాహ్లికుడుగా, విజయనగర కాలంలో వ్యాసరాయలుగా, ఆ తరువాత రాఘవేంద్రులుగా వచ్చాడన్నది ఆ కథకు వెన్నెముక. ఇందులో బాహ్లికుని స్థానం పాఠకునికి కొంత ఇబ్బంది కలిగించేదే, ఎందుకంటే భారతంలో బాహ్లికుడు కౌరవపక్షాన పోరాడి భీముని చేతిలో చనిపోతాడు. మధ్వ సంప్రదాయం ఆ ఇబ్బందిని దాచక, వాయువు అవతారమైన భీముని చేత చావడాన్నే బాహ్లికునికి దక్కిన అనుగ్రహంగా చెప్పుకొంది. కథలోని ముల్లును తీయకుండా, దాని చుట్టూ అర్థాన్ని పెంచే పద్ధతి ఇది.

ఆ వరుసలోని వ్యాసరాయలు తరువాతి కొండల తగాదాకు కూడా ఒక విచిత్రమైన సాక్షి. ఆయన సాళువ నరసింహుని కాలంలో తిరుమలలో 12 ఏళ్ళు స్వామి పూజ నిర్వహించి, తరువాత హంపీలో రాజగురువుగా గౌరవం పొంది, 1539లో పరమపదించారు. ఆయన బృందావనం ఆనెగొంది దగ్గర నదిలోని నవబృందావనం దిబ్బపై ఉంది. దక్షిణాదిలో 732 చోట్ల హనుమంతుని ప్రతిష్ఠించారని ప్రసిద్ధి. హంపీలోని యంత్రోద్ధారక ఆంజనేయుడు వాటిలో పేరెన్నికగన్నది. హనుమంతుని జన్మస్థలమని నేడు పోటీపడుతున్న తిరుమల, ఆనెగొంది కొండలు రెంటినీ ఇంత దగ్గరగా ఎరిగిన మరో హనుమద్భక్తుడు చరిత్రలో కనిపించడు. ఆయన శ్రద్ధ హనుమంతుడు ఎక్కడ పుట్టాడన్న దానికంటే ఎక్కడెక్కడ నిలవాలన్న దానిమీద ఉన్నట్టు ఆ ప్రతిష్ఠల సంఖ్యే చెబుతోంది.

పండితుల వెలుపల, బొమ్మలాటలవారూ కథకులూ మరింత ధైర్యంగా పనిచేశారు. వాల్మీకంలో లేని మైరావణ చరిత్రలో, పాతాళరాజు మైరావణుడు రామలక్ష్మణులను నిద్రలో ఎత్తుకుపోతే హనుమంతుడు వెంటాడి, అయిదు దిక్కుల దీపాలను ఒక్కసారే ఆర్పడానికి అయిదు ముఖాలు ధరించి వాణ్ణి చంపుతాడు. పంచముఖ హనుమంతుని రూపానికి ఆధారం ఈ కథే. మంత్రాలయానికి ఆవలి గట్టున పంచముఖిలో రాఘవేంద్రులు తపస్సు చేయగా ఆ రూపంతోనే స్వామి దర్శనమిచ్చాడని చెబుతారు కనుక, వాల్మీకి వ్రాయని ఉపకథకు ఈ తీరంలో కొండంత క్షేత్రమే ఏర్పడింది. ఈ కథలో పాతాళద్వారాన్ని కాచే మత్స్యవల్లభుడు హనుమంతుని కొడుకు. బ్రహ్మచారికి కొడుకేమిటని ప్రేక్షకుడు అడిగేలోపే, సముద్రం దాటేటప్పుడు రాలిన చెమటచుక్కను ఒక చేప మింగిందన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. తెలుగునాట ప్రచారంలో ఉన్న పరాశర సంహిత ఇంకా ముందుకు వెళ్ళింది. హనుమంతుడు సూర్యుని వెంట ఉదయాద్రి నుంచి అస్తాద్రి దాకా సాగుతూ వ్యాకరణం నేర్చాడని ఉత్తరకాండ అంటే, నవ వ్యాకరణాలూ నేర్చేందుకు గృహస్థు కావలసి వచ్చి సూర్యుని కూతురు సువర్చలను పెళ్ళాడాడనీ, ఆమె తపస్సులోనే ఉండిపోయింది కనుక బ్రహ్మచర్యం చెడలేదనీ ఈ సంహిత చెబుతుంది. తెలుగు ఆలయాలలో సువర్చలా హనుమంతుల కల్యాణం జరుగుతుంది. ఉత్తరాదివారికి ఇది వింతగా తోచినా, ఉత్తరకాండలోని ఒక్క వాక్యానికి దొరికిన పూర్వకథగా చూస్తే దాని పుట్టుక సులభంగానే అర్థమవుతుంది.

ఇన్నాళ్ళూ పక్కపక్కనే బతికిన కథలు తీర్పు కోసం ఒక వేదిక ఎక్కినది 2021లో. వేంకటాచల మాహాత్మ్యం, అంటే తిరుమల మహిమను చెప్పే పురాణభాగాల సంకలనం, అంజన ఆకాశగంగ దగ్గర తపస్సు చేసి కొడుకును కన్నదనీ, అందువల్ల ఆ కొండకు త్రేతాయుగంలో అంజనాద్రి అన్న పేరు వచ్చిందనీ చెబుతుంది. కృతయుగంలో వృషభాద్రి, ద్వాపరంలో శేషాద్రి, కలియుగంలో వేంకటాచలమన్న వరుసలో అది రెండోది. తిరుమల తిరుపతి దేవస్థానాలు 2020 డిసెంబరులో నియమించిన పండితసంఘం ఈ పురాణాలనూ, కావ్యాలనూ, శాసనాలనూ, భౌగోళిక విషయాలనూ ఆధారంగా చూపి, 2021 ఏప్రిల్ 21న శ్రీరామనవమినాడు తిరుమల అంజనాద్రియే హనుమంతుని జన్మస్థలమని ప్రకటించింది. ఆనెగొంది దగ్గర అదే పేరుగల కొండ తరఫున హనుమద్ జన్మభూమి తీర్థక్షేత్ర ట్రస్టు అభ్యంతరం చెప్పింది. మే 27న తిరుపతిలోని సంస్కృత విశ్వవిద్యాలయంలో ట్రస్టుకు చెందిన గోవిందానంద సరస్వతికీ, ఆ విశ్వవిద్యాలయ అప్పటి ఉపకులపతి వి. మురళీధర శర్మ తదితరులకూ వాదం జరిగింది. ఎవరూ ఎవరినీ ఒప్పించలేకపోయారు.

ఒప్పించే అవకాశం మొదటినుంచీ తక్కువే. కిష్కింధ పక్షం వాల్మీకమే ప్రమాణమని పట్టుబట్టింది. తిరుమల పక్షానికి పురాణాలూ ప్రమాణమే. వాల్మీకంలో వేంకటాచలం లేదన్న అభ్యంతరం సరైనదే గాని, కిష్కింధలోని కొండకు అంజనాద్రి అన్న పేరూ వాల్మీకంలో లేదు. ఉన్న మాల్యవంతం ఆనెగొందికి ఆవలి గట్టున హంపీలో మాల్యవంత రఘునాథాలయం ఉన్న గుట్ట అని చెప్పుకొంటారు, అది అంజనాద్రి కాదు. మాహాత్మ్యాలకు ఒక ఊరిని ఘనపరచడమే లక్ష్యం కాబట్టి అవి ఎక్కడి కథనైనా తమ కొండకు తెచ్చుకుంటాయి. ఈ లెక్కన ఇద్దరి సాక్ష్యమూ సమానంగా బలహీనమైనదే. పాత వ్యాఖ్యాత అయితే ఇక్కడ కల్పభేదం చెప్పి రెండు కొండలనూ నిలబెట్టేవాడు. కానీ ట్రస్టులూ, యాత్రికుల వసతులూ, ప్రభుత్వ నిధులూ ముడిపడిన చోట రెండు కల్పాలకు రెండు బడ్జెట్లు కావాలి. నిజానికి జరిగింది కూడా అదే: 2022 ఫిబ్రవరిలో తిరుమల ఆకాశగంగ దగ్గర జన్మస్థల అభివృద్ధికి భూమిపూజ జరిగితే, మార్చిలో కర్ణాటక ప్రభుత్వం తన బడ్జెట్టులో ఆనెగొంది అంజనాద్రికి 100 కోట్ల రూపాయలు ప్రకటించింది.

ఈ తగాదాలో పాత వ్యాఖ్యాతల పద్ధతికి దగ్గరగా మాట్లాడినది మూడో పక్షం. రామచంద్రాపుర మఠాధిపతి రాఘవేశ్వర భారతి 2021లోనే సుందరకాండలోని ఆ 35వ సర్గను చూపి, పుట్టినచోటు గోకర్ణమనీ, ఆనెగొంది అంజనాద్రి హనుమంతుని కర్మభూమి అనీ అన్నారు. సర్గలో కేసరి మాల్యవంతం నుంచి గోకర్ణానికి వెళ్ళడం ఉంది గాని ప్రసవం అక్కడే జరిగిందని స్పష్టంగా లేదు కనుక ఇదీ పూర్తిగా నిలిచే వాదన కాదు. అయినా ఎదుటివారి కొండకు కథలో ఒక పాత్రను మిగిల్చిన వాదన ఇది ఒక్కటే. నాసిక్ దగ్గరి అంజనేరి, జార్ఖండ్ గుమ్లా జిల్లాలోని అంజన్ గ్రామం తమ హక్కును అలాగే చెప్పుకొంటూ ఉన్నాయి.

కొండ తేలకపోగా తిథి కూడా తేలలేదు. చైత్ర పూర్ణిమనాడు హనుమంతుని పుట్టినరోజు చేసేవారున్నారు; తెలుగువారిలో చాలామంది ఆ పూర్ణిమనుంచి 41 రోజుల దీక్ష పట్టి వైశాఖ బహుళ దశమినాడు జయంతి జరుపుతారు; కన్నడిగులు మార్గశిర శుద్ధ త్రయోదశినాడు హనుమద్వ్రతం చేస్తారు. తిరుమలలో ఆకాశగంగ దగ్గర 2021 జూన్ 4న, వైశాఖ బహుళ దశమినాడు మొదలైన జయంతి ఉత్సవం అయిదు రోజులు సాగింది. ఆనెగొంది కొండకు హనుమమాల వేసుకున్న భక్తులు మాల విరమణకు మెట్లెక్కేది మార్గశిరంలో. రెండు భాషలూ నడిచే ఆదోని, కౌతాళం పల్లెల్లో ఈ పండుగలలో ఏ ఇంట ఏది జరుగుతుందన్నది ఆ ఇంటివారు ఏ భాష పంచాంగం చూస్తారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.